గ్రావెల్ దారికీ తారు రోడ్డుకూ ఒకే సైకిలు

పేరు వేయొద్దని కోరుతూ తిరుపతి నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశమే ఇస్తున్నాం. ఆమెకు 41 ఏళ్ళు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. కాపురం ఎం.ఆర్.పల్లిలో. చంద్రగిరి రోడ్డు దిగి లోపలికి పోయే ఒక పల్లెలో ఉద్యోగం. ఇంటి నుంచి బడికి 9 కిలోమీటర్లు. అందులో 7 తారు రోడ్డు, చివరి 2 ఎర్ర గ్రావెల్ తోలిన దారి. ఇన్నాళ్ళూ స్కూటీ మీద వెళ్ళి వస్తున్నారు. షుగరు అంచులో ఉందని, రోజూ ఒంటికి పని చెప్పమని డాక్టరు అన్నారట. పొద్దున నడకకు ఇంటిపని అడ్డం. బడికే సైకిలు మీద పోతే సరిపోతుంది కదా అని ఆలోచన. ఆదివారాల్లో శ్రీనివాసమంగాపురం, కాళ్ళు అలవాటు పడ్డాక కల్యాణి డ్యామ్ దాకా పోవాలని కోరిక.

నాలుగేళ్ళ కిందట ఆమె భర్త ఆన్‌లైన్‌లో 11,000 రూపాయలు పెట్టి లావు టైర్ల గేరు సైకిలు తెప్పించి, ఇంట్లోనే బిగించుకుని, నెల తొక్కి వదిలేశారు. అది మెట్ల కింద ఉండిపోయింది. మొన్నటి వేసవి సెలవుల్లో ఆమె దాన్ని బయటికి తీసి పది రోజులు తొక్కారు. ఎడమ మోకాలి ముందువైపు నొప్పి, అరచేతుల్లో తిమ్మిరి, తొక్కినప్పుడల్లా ఎడమ పెడలు దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. ఆపేశారు. ఇప్పుడు కొత్త సైకిలు మాట ఎత్తితే భర్త "అదీ మెట్ల కిందికే" అంటున్నారు. ఇంటర్ చదివే కొడుకు వంపు హ్యాండిలున్న రేసు సైకిలు కొనమంటాడు. బెంగళూరులో ఉన్న మరిది 75,000 రూపాయల గ్రావెల్ బైకు లింకు పంపాడు. దుకాణంలో 14,500కు ముందు స్ప్రింగులు, రెండు డిస్కు బ్రేకులు, 21 గేర్లు ఉన్న సైకిలు చూపించారు. చేతిలో చీటీ డబ్బు 30,000 ఉంది. "చుడీదారులో, నోటు పుస్తకాల బ్యాగుతో తొక్కాల్సింది నేను. ఈసారీ డబ్బు దండగైతే ఇంట్లో ఇక నా మాట చెల్లదు. ఏది తీసుకోమంటారు? మంచి సైకిళ్ళకు స్టాండు ఉండదంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

టీచరుగారూ,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఏ సైకిలు కొనాలన్నది ఒకటి. నేను అసలు తొక్కగలనా అన్నది రెండోది. ఇంట్లో వాదన మొదటిదాని మీద జరుగుతోంది గానీ మిమ్మల్ని కుంగదీస్తున్నది రెండోదే. దానికి జవాబు మీరు రాసిన వివరాల్లోనే ఉంది కాబట్టి ముందు అదే చూద్దాం.

సైకిలు కుడి పెడలు అన్ని బోల్టుల్లాగే గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది. ఎడమ పెడలుది తిరగమర, అది ఎదురు దిశలో బిగుస్తుంది. ఇంట్లో బిగించేటప్పుడు చాలామంది ఈ సంగతి తెలియక ఎడమదాన్నీ కుడిదానిలాగే బలవంతంగా తిప్పేస్తారు. పెడలు ఇరుసు ఉక్కు, అది దిగే క్రాంకు (పెడలును మోసే కడ్డీ) అల్యూమినియం అయితే క్రాంకు లోపలి మర చెడుతుంది. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, కాలు వేసినప్పుడల్లా ఒరుగుతుంది, టక్కుమంటుంది. పాదం ఒరిగితే మోకాలు మెలిపడుతుంది. రెండు మోకాళ్ళలో ఎడమది మాత్రమే నొప్పి పెట్టిందంటే మొదట అనుమానించాల్సింది ఈ పెడలునే.

నొప్పి మోకాలి ముందువైపు వచ్చిందన్నారు. సీటు బాగా కిందికి ఉన్నప్పుడు, పెద్ద గేరులో బరువుగా తొక్కినప్పుడు నొప్పి అక్కడే వస్తుంది. మీవారి సైకిలు మీకు ఎత్తు కాబట్టి రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించేసి ఉంటారు. భయంతో అందరూ చేసే పనే అది. సీటు దిగిందే గానీ హ్యాండిలు దగ్గరికి రాలేదు. అందుకే ముందుకు వాలి, బరువంతా అరచేతుల మీద వేసి తొక్కారు. తిమ్మిరికి కారణం అదే. అంటే ఆ పది రోజులు మీరు తొక్కింది మీ కొలతది కాని సైకిలు, అందులోనూ ఒక పెడలు చెడిపోయినది. దాన్నిబట్టి మీరు తొక్కలేరని మీరూ అనుకోనక్కర్లేదు, ఇంట్లో వాళ్ళూ అనుకోనక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. సైకిలు ఎక్కకపోయినా మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉన్నా, వాపు ఉన్నా, మోకాలు పట్టేస్తున్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించి తర్వాతే దుకాణానికి వెళ్ళండి.

సీటు ఎత్తు ఇలా సరిచూసుకోవాలి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడలును అన్నిటికన్నా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావాల్సింది ఆ వంపే. ఈ ఎత్తులో సీటు మీద కూర్చుని రెండు కాళ్ళూ నేలకు ఆనించలేరు, మునివేళ్ళే ఆనుతాయి. ఆపేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి, రెండు కాళ్ళ మధ్య రాడ్డు ఉండేలా నేల మీద నిలబడాలి. ఇంటి ముందు వీధిలో రెండు మూడు సాయంత్రాలు ఆపడం, ఎక్కడం సాధన చేస్తే భయం పోతుంది. నొప్పి మోకాలి వెనకవైపు మొదలైతే సీటు మరీ ఎక్కువైందని గుర్తు, అర సెంటీమీటరు చొప్పున దించుకోవాలి.

ఇక కొనడం సంగతి. హైబ్రిడ్, గ్రావెల్, మౌంటెన్ అన్న పేర్లను కాసేపు పక్కన పెట్టండి. ఒక కంపెనీ హైబ్రిడ్ అని అమ్మేది ఇంకో కంపెనీ సిటీ బైకు అంటుంది. మీ 9 కిలోమీటర్లకు తేల్చాల్సినవి మూడే: మీ కొలత, టైరు, అన్నిటికన్నా చిన్న గేరు. ఇవి కుదిరితే పేరు ఏదైనా ఫరవాలేదు. ఇవి కుదరకపోతే 75,000 పెట్టినా మెట్ల కిందికే పోతుంది.

కొలత ఇంట్లోనే తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులాగా పైకి నొక్కిపట్టి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత గీయించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ కాలి కొలత. మీ ఎత్తుకు అది 70 నుంచి 74 సెంటీమీటర్ల మధ్య ఉండొచ్చు. సైకిలు రాడ్డు మీద నిలబడినప్పుడు మీకూ రాడ్డుకూ మధ్య కనీసం 3 సెంటీమీటర్ల సందు ఉండాలి. అంటే కొలత 72 వస్తే రాడ్డు ఎత్తు 69కి మించకూడదు. సాధారణంగా ఎస్ సైజు, కొన్నిటిలో ఎక్స్‌ఎస్ మీకు సరిపోతుంది. రాడ్డు బాగా కిందికి వంగి ఉన్న ఫ్రేములూ వస్తున్నాయి. చుడీదారుతో ఎక్కి దిగడానికి అవి చాలా సుఖం, క్యారియర్ మీద బ్యాగు ఉన్నప్పుడు కాలు వెనకనుంచి తిప్పే అవసరం ఉండదు. దుకాణంలో ఒకే సైజు ఉంటే "సీటు దించి ఇస్తాం, సరిపోతుంది" అంటారు. ఆ మాటకు ఒప్పుకోకండి. సీటు దించితే ఏమవుతుందో మీ మోకాలు ఇప్పటికే చెప్పింది. సైజు తెప్పించమని అడగండి, వారం ఆగినా నష్టం లేదు.

టైరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, మీ దారికి అసలు తేడా చూపించేది ఇదే. టైరు పక్కన 700×38 అనో, 38-622 అనో ముద్రించి ఉంటుంది. 38 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 622 అంటే టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం. 700సి అన్నా 29 అంగుళాలన్నా రిమ్ము కొలత ఈ 622నే. 27.5 అంగుళాలైతే 584, పాత 26 అంగుళాల మౌంటెన్ చక్రమైతే 559. ట్యూబు, టైరు కొనేటప్పుడు ఈ రెండో అంకె చూసి కొంటే తప్పు సరుకు రాదు.

ఎర్ర గ్రావెల్ దారి ఎండాకాలంలో గట్టిపడుతుంది, పైన మాత్రం పలచని పొరలా సన్న రాళ్ళు వదులుగా తేలుతుంటాయి. రాగులు చల్లిన గచ్చు మీద నడిచినట్టు ఉంటుంది. 25 మిల్లీమీటర్ల సన్న టైరు అక్కడ పక్కకు జారుతుంది. రాయి అంచు తగిలితే టైరు నలిగి, రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు చిక్కి పాము కాటులాగా రెండు చిల్లులు పడతాయి. మరీ లావు బుడిపెల టైరు 2 కిలోమీటర్ల గ్రావెల్ మీద హాయిగా పోతుంది గానీ మిగతా 7 కిలోమీటర్ల తారు మీద గుయ్యిమని చప్పుడు చేస్తూ మీ శక్తి తింటుంది. మీకు కావాల్సింది 38 నుంచి 42 మధ్య. నడిమి భాగం దాదాపు నున్నగా, అంచుల్లో మాత్రం చిన్న చిన్న గాట్లు ఉండాలి. సైకిలుకు 35 టైరు వేసి అమ్ముతుంటే ఫ్రేములో 40 పట్టేంత చోటుందేమో చూడండి. టైరుకు రెండు పక్కలా, పైనా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే వానాకాలంలో ఎర్రమట్టి అక్కడ ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. మడ్గార్డు వేయించాలంటే ఇంకా చోటు కావాలి.

గాలి మోతాదు కూడా టైరంత ముఖ్యం. వీధి పంక్చరు షాపులో మీటరు లేకుండా రాయిలా గట్టిపడేదాకా కొడతారు. అప్పుడు గ్రావెల్ మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. మీ బరువుకు, 5 కిలోల బ్యాగుకు 38-40 టైరులో ముందు 40, వెనక 48-50 పీఎస్ఐ సరిపోతుంది. ఆదివారం ఎక్కువ మట్టిదారిలో పోయే పనుంటే రెండిట్లోనూ 5 తగ్గించండి. టైరు మీద ముద్రించిన కనీస అంకె కంటే కిందికి మాత్రం పోవద్దు. మీటరున్న నేల పంపు 1,200-1,500కు దొరుకుతుంది, దీని దగ్గర పీనాసితనం వద్దు. పెట్రోలు బంకు కంప్రెషరు సైకిలు టైరును రెండు సెకన్లలో పేల్చగలదు, దాని జోలికి పోకండి. వాల్వు ఎలాంటిదో కూడా చూసుకోండి. మోటారు సైకిలుకు ఉండే లావు వాల్వు అయితే ఎవరి పంపైనా పడుతుంది. సన్న వాల్వు వస్తే ఇత్తడి అడాప్టరు ఒకటి బ్యాగులో ఉండాలి.

మూడోది గేరు. 21 గేర్లు, 24 గేర్లు అని చెబితే ఆ అంకెను పట్టించుకోకండి. ముందు 3 పళ్ళచక్రాలు, వెనక 7 అయితే 21 అవుతాయి, అందులో చాలా ఒకదానికొకటి సమానంగానే ఉంటాయి. అడగాల్సింది ఇది: ముందు అన్నిటికన్నా చిన్న చక్రానికి పళ్ళెన్ని, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రానికి పళ్ళెన్ని? ముందు అంకె వెనక అంకె కంటే చిన్నదైతే ఎత్తు ఎక్కడానికి మీ మోకాలు బతుకుతుంది. ఉదాహరణకు ముందు 28, వెనక 34 అనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు సుమారు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 6.5 కిలోమీటర్లు. మామూలు ఎత్తులు నిదానంగా, పెద్దగా బరువు తెలియకుండా ఎక్కొచ్చు. మీ అబ్బాయి చెప్పే రేసు సైకిలులో ముందు 34, వెనక 28 ఉండటం మామూలు. అక్కడ ఒక చుట్టుకు 2.55 మీటర్లు. అదే 6.5 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చుట్లు నిమిషానికి 42కు పడిపోతాయి, ఆ భారమంతా మోకాలి మీదే. చంద్రగిరి దాకా పెద్ద ఎత్తులేమీ లేవు. రంగంపేట దాటి డ్యామ్ వైపు పోతే మెల్లగా ఎక్కుడు తెలుస్తుంది. రేపు ఎప్పుడైనా భాకరాపేట కనుమ ఎక్కాలనిపిస్తే చిన్న గేరు లేని సైకిలును తోసుకుంటూ పోవాల్సిందే. మామూలు రోడ్డు మీద నిమిషానికి 70-80 చుట్లు తేలిగ్గా తిరిగే గేరులో తొక్కడం అలవాటు చేసుకోండి.

వెనక గేర్ల కట్ట ఫ్రీవీలా (చక్రం నడిమికి మరలా తిప్పి బిగించేది), క్యాసెట్టా (నడిమి మీదికి జార్చి బిగించేది) అని కూడా అడగండి. 7 గేర్ల ఫ్రీవీల్ రకంలో కుడివైపు బేరింగు ఇరుసు చివరికి దూరంగా, లోపలికి ఉంటుంది. క్యారియర్ మీద బరువుతో గుంతల్లో తొక్కగా తొక్కగా ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. 8 గేర్లు, ఆపైన వాటిలో ఎక్కువగా క్యాసెట్టే ఉంటుంది, ఇరుసుకు ఆధారం బాగుంటుంది. మీ బరువుకు ఫ్రీవీల్ వెంటనే చెడిపోతుందని కాదు. రెండు సైకిళ్ళు దాదాపు ఒకే ధరలో ఉంటే క్యాసెట్టు ఉన్నదాని వైపు మొగ్గండి.

ఇప్పుడు ఇంట్లో వాళ్ళు, దుకాణం వాళ్ళు చెప్పిన వాటిని దీంతో తూచి చూడండి.

దుకాణంలో 14,500 సైకిలు చెడ్డదని అనను. మీ గ్రావెల్ దారి వానలకు కొట్టుకుపోయి గుంతలు, బండలు తేలే రకమైతే లావు టైర్లు ఆదుకుంటాయి. అయితే ఆ ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) 2.5 కిలోల దాకా ఉంటుంది, మామూలు ఫోర్కు కంటే రెట్టింపు బరువు. మీరు వేసిన బలంలో కొంత అది ఊగడానికే పోతుంది. మూడు నాలుగు వానాకాలాలు చూశాక లోపల తుప్పు పట్టి కదలడం మానేస్తుంది. మొత్తం సైకిలు 16 కిలోలు దాటుతుంది. దీన్నే తీసుకుంటే డబ్బు సగం మిగులుతుంది, బడికి పోవడానికి 40-45 నిమిషాలు పడుతుంది. బుడిపెల టైర్లు తీయించి 1.75 అంగుళాల నున్నటి టైర్లు వేయిస్తే నాలుగైదు నిమిషాలు తగ్గొచ్చు.

రేసు సైకిలు మీకు వద్దు. ఇది ఒక్కటే గట్టిగా చెబుతున్నాను. రిమ్ము బ్రేకులున్న చాలా రేసు ఫ్రేముల్లో 28కి మించిన టైరు పట్టదు, క్యారియర్‌కు, మడ్గార్డుకు మరలుండవు. అబ్బాయి తన కోసం ఆశపడుతున్నాడేమో అడిగి చూడండి.

మరిదిగారు చెప్పిన గ్రావెల్ బైకు చాలా మంచి వస్తువు. 40 టైరు పడుతుంది, వంపు హ్యాండిలు వల్ల చేతులు నాలుగు చోట్ల మార్చి పెట్టుకోవచ్చు, దూరం పోయేవాళ్ళకు అది వరం. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాల్సిన బ్రెవే (గడువులోగా ముగించే దూరపు సైకిలు ప్రయాణం) లాంటి వాటి మీద మీకు మనసుంటే ఆ డబ్బు వృథా కాదు. 9 కిలోమీటర్లకు ఆ సుఖం తెలియదు. చిన్న చేతులకు ఆ బ్రేకు లీవర్లు అందేలా సర్దించుకోవాలి, అవి వంపు హ్యాండిలుకే ప్రత్యేకం కాబట్టి ఒకటి విరిగితే వీధిలో దొరకదు, తెప్పించుకోవాలి. బడి ముందు దాన్ని వదిలి క్లాసులో మనశ్శాంతిగా పాఠం చెప్పగలరా అన్నది కూడా ఆలోచించుకోండి. ఇప్పుడు తేలికపాటిది కొని, రెండేళ్ళ తర్వాత అవసరం అనిపిస్తే దీనికి మారొచ్చు.

మిగిలింది నిటారు హ్యాండిలు, స్ప్రింగుల్లేని ఫోర్కు, 38-40 టైరు ఉన్న హైబ్రిడ్. 20,000 నుంచి 25,000 మధ్య అల్యూమినియం ఫ్రేము, 8 గేర్ల క్యాసెట్టు, డిస్కు బ్రేకులతో దొరుకుతుంది, 13-14 కిలోలుంటుంది. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో మీ బడికి 34 నిమిషాలు. నా మొగ్గు దీనివైపే. లోపాలు లేవని కాదు. గుంతల రోడ్డులో చేతులకు దెబ్బ తెలుస్తుంది. గంటన్నర దాటితే ఒకే భంగిమలో చేతులు విసుగెత్తుతాయి. హ్యాండిలు చివర చిన్న కొమ్ములు వేయించుకుంటే అది కొంత తీరుతుంది, 400 రూపాయల పని.

సెకండ్ హ్యాండ్ కూడా ఒక దారి. బెంగళూరులో మంచి హైబ్రిడ్‌లు పెద్దగా తొక్కకుండానే అమ్మకానికి వస్తుంటాయి, మరిదిగారికి ఆ పని అప్పగించొచ్చు. మీ సైజు దొరికితేనే. హ్యాండిలు కింద గొట్టాలు కలిసే అతుకుల దగ్గర సన్న చీలికలున్నాయేమో వేలితో తడిమి చూడమనండి. చైను అరుగుదల మీ బడి స్కేలుతోనే తెలిసిపోతుంది: ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి, ఎనిమిదో వంతు వస్తే వెనక క్యాసెట్టు కూడా. ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి.

బ్రేకుల్లో మీకు మూడు రకాలు కనిపిస్తాయి. రిమ్మును పట్టే వి-బ్రేకు చవక, ఏ మెకానిక్కైనా బాగు చేస్తాడు. అయితే వానలో మొదటి చుట్టు పట్టదు, గ్రావెల్ బురదలో రిమ్మును కూడా అరగదీస్తుంది. తీగతో లాగే డిస్కు బ్రేకు మీకు మధ్యేమార్గం, తీగ వదులైతే లీవరు దగ్గరి మరతో మీరే బిగించుకోవచ్చు. ఆయిల్ డిస్కు అన్నిటికన్నా మెత్తగా, గట్టిగా పట్టుకుంటుంది, చిన్న చేతులకు హాయి. దానితో ఒక ప్రమాదం ఉంది. షిమానో ఆయిల్ బ్రేకుల్లో పోయాల్సింది మినరల్ ఆయిల్. మోటారు సైకిలు మెకానిక్ దగ్గరుండేది డాట్ ఆయిల్. అది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది. ఆయిల్ బ్రేకు తీసుకుంటే ఆ సీసా కూడా మీరే కొని ఇంట్లో పెట్టుకోండి.

మన దార్లలో పంక్చరుకు గాజు పెంకుల కంటే పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళే ఎక్కువ కారణం. గ్రావెల్ దారి అంచుల్లోనే అవి రాలి ఉంటాయి కాబట్టి బండ్ల చక్రాలు నడిచిన జాడలో తొక్కండి, అంచుకు పోకండి. ముల్లు నిరోధించే పట్టీ ఉన్న టైరైతే మేలు. లేదా వాల్వు పిన్ను ఊడదీసి ఒక్కో ట్యూబులో 60-90 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లులను లోపలి నుంచి మూసే ద్రవం) పోయించండి. మన ఎండలకు అది నాలుగైదు నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ పోయాలి. ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, చిన్న పంపు బ్యాగులో ఉంచుకుని ట్యూబు మార్చడం సెలవు రోజున ఇంట్లో నేర్చుకోండి. బడికి ఆలస్యమైన రోజున నేర్చుకునే పని కాదది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర అసలు వానలు. అప్పుడు గ్రావెల్ దారిలో ముందు బ్రేకు గట్టిగా పట్టి మలుపు తిరిగితే చక్రం జారిపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, తిరిగేటప్పుడు బ్రేకు వదిలేయండి. కాలువ నీళ్ళు దారి మీదుగా పారుతున్న రోజు సైకిలు తీయొద్దు, అడుగున ఏముందో తెలియదు. తడిసి వచ్చిన సాయంత్రం చైనును పాత గుడ్డతో తుడిచి చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయాలి. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిలు వద్దు, దుమ్ము పట్టి రాపిడి గుజ్జు అవుతుంది.

చున్నీ విషయం తేలిగ్గా తీసుకోకండి. వెనక చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. అడ్డంగా వేసి నడుముకు ముడి వేయండి, లేదా బ్యాగులో పెట్టి బడిలో వేసుకోండి. ప్యాంటు కాలికి వెల్క్రో పట్టీ, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి చైను కవరు ఉండాలి. పుస్తకాల బ్యాగు భుజాన వద్దు, క్యారియర్ మీద కట్టండి. 5 కిలోలు వీపున ఉంటే మెడ, అరచేతులు మళ్ళీ మొదటికొస్తాయి.

డబ్బు లెక్క ఇలా వేసుకోవచ్చు. హెల్మెట్ 1,500, ముందూ వెనకా లైట్లు 900, తాళం 700, క్యారియర్, మడ్గార్డులు కలిపి 2,000, నేల పంపు 1,300, ట్యూబు సరంజామా 600. మొత్తం 7,000. కాబట్టి సైకిలు ధర 23,000 దాటనివ్వకండి. ఇవన్నీ తర్వాత చూద్దాంలే అనుకుంటే తర్వాత చూడరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పెట్టె మీద పాత ధర ఉంటే ఆ తేడా అడగండి. బిల్లు మీద ఫ్రేము నంబరు రాయించండి.

బేరం ముగించేముందు బ్యాగుతో, బడికి వేసుకునే దుస్తులతోనే పావుగంట తొక్కి చూడండి. తొక్కనివ్వని చోట కొనకండి. బిగింపు కూడా చూడండి: ముందు డిస్కు మీ ఎడమ చేతివైపు ఉండాలి. కుడివైపు ఉంటే ఫోర్కు వెనక్కి తిప్పి బిగించారని అర్థం, పెట్టెలో వచ్చిన సైకిళ్ళకు ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లకు తీగలు సాగుతాయి, పుల్లలు వదులవుతాయి. అప్పుడు ఒకసారి బెండు తీయించి, గేర్లు సర్దించాలి.

ఇక మీవారి మాట. పాత సైకిలుకు ఎడమ క్రాంకు, పెడళ్ళు మార్చి, నున్నటి టైర్లు వేయిస్తే 2,500-3,000 అవుతుంది. రెండు రకాలుగా ఇది పనికొస్తుంది. కొత్తది కొనే ముందు రెండు నెలలు దానితోనే బడికి వెళ్ళి చూస్తానని మీరు అనొచ్చు. డబ్బు భయం తగ్గుతుంది. అయితే ఫ్రేము మీ కొలతది కాదు, పొట్టి స్టెమ్ము (హ్యాండిలును సైకిలుకు కలిపే ముక్క) వేసినా హ్యాండిలు కొంత దూరంగానే ఉంటుంది, అరచేతుల తిమ్మిరి పూర్తిగా పోదు. విసిగి మానేస్తే ఆయన మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. రెండోది, దాన్ని ఆయన ఎత్తుకే బాగు చేయించి, మీరు మీ కొలతది కొనుక్కుని, ఆదివారం మంగాపురానికి ఇద్దరూ కలిసి వెళ్ళడం. దీనికి ఖర్చు ఎక్కువ, పైగా ఆయన వస్తారో రారో మీకే తెలియాలి. పెడలు సంగతి మాత్రం ఈరోజే ఆయనకు చూపించండి. నెలకే వదిలేయడంలో ఆయన మోకాలికి కూడా భాగం ఉందేమో.

స్టాండు గురించి: ఖరీదైన వాటికి ఉండదన్నది సగం నిజం. బరువు తగ్గించడానికి వేయరు, వేయించుకోవచ్చు. అల్యూమినియం గొట్టాన్ని పట్టి బిగించే స్టాండును అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి ఫ్రేము బలహీనపడుతుంది. వెనక చక్రం దగ్గర ఎడమవైపు స్టాండు కోసమే రెండు మర రంధ్రాలున్న ఫ్రేము అయితే ఆ బెడద లేదు, 400-600లో పని అయిపోతుంది. దుకాణంలో సైకిలును తిరగేసి ఆ రంధ్రాలున్నాయేమో చూడమనండి. లేకపోతే బడి వరండా స్తంభానికి ఆనించి, తాళం ఫ్రేముకూ వెనక చక్రానికీ స్తంభానికీ కలిపి వేస్తే సరిపోతుంది.